గుండుసూది గుచ్చిన చోటు

స్కాట్లండు తీరంలోని స్కార్నెస్ లైబ్రరీలో శనివారం మధ్యాహ్నం ముప్ఫై కుర్చీలు వేస్తే ఇరవై రెండు నిండాయి. ఈ వానలో అంతమంది రావడమే గొప్పని లైబ్రేరియన్ సంబరపడింది. ఇష్బెల్ మాత్రం గ్లాసులో నీళ్ళు మూడుసార్లు తాగి, నాలుగోసారి ఖాళీ గ్లాసే ఎత్తి పెదాలకు ఆనించుకుంది. బుధవారం ఆమె వైవా. నాలుగేళ్ళ చాకిరీ గంటన్నరలో తేలిపోతుంది. ఉత్తరాన ఒక కాలేజీలో ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, పై నెలాఖరుకి డాక్టరేటు చేతికి రావాలని షరతు పెట్టారు. పరీక్షకులు చిన్న చిన్న దిద్దుబాట్లు చెప్తే పది రోజుల్లో చేసి పారెయ్యొచ్చు. పెద్దవి చెప్తే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

"ఊళ్ళోవాళ్ళ ముందు ఒకసారి మాట్లాడి చూడు, భయం పోతుంది," అని ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది గైడు అలస్టేర్ గెడ్డీస్. యాభై ఆరేళ్ళ ప్రొఫెసరు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా తేటగా, ఒక్క అక్షరం నలగకుండా మాట్లాడతాడు. ముందు వరసలో చివరి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, కానీ అన్నట్టు తలూపాడు.

ఇష్బెల్ ప్రొజెక్టర్ వెలిగించింది. తెర మీద ఒక నోటుపుస్తకం పేజీ పడింది. అది రాసింది ఇదే ఊరి మనిషి, క్రిస్సీ ఫిండ్లే. హెర్రింగ్ చేపల పడవలు ఏ రేవుకి పోతే ఆ రేవుకి వెనకాలే పోయి, కూలికి చేపల కడుపులు చీరే ఆడపిల్లల్లో ఒకతె. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని పగలంతా కత్తి ఆడించి, దొరికిన తీరికలో రెండు నోటుపుస్తకాల నిండా పాటలు రాసి పెట్టుకుంది. ఆవిడ పోయిన పదిహేనేళ్ళకి గానీ అవి యూనివర్సిటీకి చేరలేదు. ఆ పాటల మీదే ఇష్బెల్ థీసిస్.

తెర మీది పాటను ఆమె చదివింది.

"మంగళవారం పొద్దున్నే వచ్చాడు...
తలుపు తట్టలేదు, తోసుకొచ్చాడు.
అమ్మ అరవలేదు, కత్తి కింద పెట్టింది.
ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరూ పాడలేదు."

"వచ్చిందెవరు? చూడండి, ఆ మాట ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఖాళీ మధ్యలో ఒక చిల్లు, చిల్లు చుట్టూ గోధుమరంగు మరక. రెండు పుస్తకాల్లో కలిపి ఇలాంటి చోట్లు ఇరవై మూడు."

ఆ తర్వాత ఆమె సిద్ధాంతంలోకి దిగింది. పారిస్‌లో పుట్టి, అమెరికాలో ఒళ్ళుచేసి, స్కాట్లండుకి కాస్త ఆలస్యంగా వచ్చిన సిద్ధాంతం అది. రాతలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ మాట్లాడుతుందని దాని సారాంశం. క్రిస్సీ పేరు ఎత్తలేని మగవాడు ఒకడున్నాడు. తలుపు తట్టకుండా సొంత ఇంట్లోకి వస్తాడు. అతన్ని చూసి తల్లి కత్తి కింద పెట్టేస్తుంది. ఆ పేరు రాయబోయి రాయలేక, ఆ పిల్ల కాగితాన్నే పొడిచింది. పేజీ మీద ఉన్నది గాయం. ఆ ఇంటి యజమాని, క్రిస్సీ తండ్రి జేమ్స్ ఫిండ్లే చేసిన గాయం.

మాటలు తడబడకుండా వచ్చాయి. ఇష్బెల్‌కి ఊపిరి ఆడింది. అప్పుడు నాలుగో వరసలో, గోడవార గదిని వెచ్చబెట్టే ఇనప రేడియేటర్ పక్కన కూర్చున్న ముసలావిడ లేచింది.

"అమ్మాయ్, నువ్వు చెప్పేది మా నాన్న తండ్రి గురించేనా?"

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"మీరు?" అంది ఇష్బెల్.

"బెల్లా మెయిర్‌ని. క్రిస్సీ నాకు మేనత్త. ఆ పుస్తకాలు మీవాళ్ళకిచ్చింది నేనే, బూట్ల పెట్టెలో పెట్టి. అందులో వచ్చినాయన మా తాత కాదమ్మా. ఆయన..." ముసలావిడ ఆగింది. "నల్లకోటాయన."

"నల్లకోటు?"

"అదే. ఆదివారం పైకెక్కి మాట్లాడతాడు చూడూ, ఆయన."

వెనక ఎవరో నవ్వారు. లైబ్రేరియన్ సాయం చేద్దామనుకుంది. "పాస్టరు గారనా బెల్లా నువ్వనేది?"

బెల్లా చెయ్యి పక్కనున్న రేడియేటర్ మీదకి పోయింది. "అన్నది నువ్వు, నేను కాదు," అంది. హాలంతా గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. "ఆ మాట మేం అనం. మగాళ్ళు సముద్రం మీదున్నప్పుడు అసలే అనం. మాయత్త రాస్తుందా? రాయదు. అందుకని అక్కడ..."

అలస్టేర్ లేచి నిలబడ్డాడు. మొహం నిండా మర్యాదైన చిరునవ్వు. "చాలా విలువైన నమ్మకం, మిసెస్ మెయిర్. జానపద విభాగంవాళ్ళు వింటే మురిసిపోతారు. కానీ ఒకసారి కాగితం మీదికి వచ్చాక రాతకి అర్థం చెప్పే హక్కు ఇంట్లోవాళ్ళ ఒక్కళ్ళదే కాదు. ఏమంటారు? టీ చల్లారిపోతున్నట్టుంది."

అందరూ చప్పట్లు కొట్టి టీ వైపు కదిలారు. బెల్లా మెయిర్ టీ తాగలేదు. ప్లాస్టిక్ వానటోపీ తలకి కట్టుకుని, ముడి రెండుసార్లు వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ రెండో ముడి వేస్తూ ఆవిడ తన వైపు చూడటం ఇష్బెల్ చూసింది. చూసి తల తిప్పుకుంది.

రైలుకి టైముందని ఇద్దరూ రేవు దగ్గరి హోటల్లో కూర్చున్నారు. ఏం కావాలని అడిగితే అలస్టేర్ మెనూ మీద వేలు పెట్టి, "ఇది," అన్నాడు. ఇష్బెల్ పొగచేప సూపు చెప్పింది గానీ చెంచా ముంచి ఊరికే కూర్చుంది.

"అలస్టేర్, ఆవిడ చెప్పింది నిజమైతే?"

"నిజం నీ థీసిస్‌లో ఏ అధ్యాయంలో వస్తుంది?" అన్నాడతను నవ్వుతూ. "ఆ ముసలావిడ రాత్రికే మరిచిపోతుంది. నువ్వూ మరిచిపో. తిను."

అతని పళ్ళెంలో ఎర్రటి సాల్మన్ ముక్క వచ్చింది. ఇష్టంగానే తిన్నాడు. ఇష్బెల్‌కి మాత్రం ఎప్పుడో మొదటి డ్రాఫ్టులో తను రాసిన ఫుట్‌నోట్ గుర్తొచ్చింది. ఈ తీరంలో జాలరులు పడవ మీద కొన్ని మాటలు కీడని అనరు, పొరపాటున అంటే ఆ కీడు తగలకుండా ఇనుము ముట్టుకుంటారు అని, ఏదో పుస్తకంలో చదివి రాసింది. అలస్టేర్ దాన్ని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన, "జానపదం. అనవసరం. తీసెయ్," అని రాశాడు. తీసేసింది. పడవ మీది మాట పాటలోకి ఎందుకొస్తుందని ఆమె కూడా అనుకుంది మరి. ఇంత చదువు చదివి, సమాధానం చేతిలో పెట్టుకుని, గైడు కొట్టేశాడని చెత్తబుట్టలో వేసింది.

అలస్టేర్ రైలెక్కాడు. ఇష్బెల్ ఎక్కలేదు. తలనొప్పిగా ఉంది, రేపు వస్తానంది.

ఆదివారం చర్చి వదిలాక బెల్లా ఇంటికి వెళ్ళింది. సముద్రానికి పక్కగోడ తిప్పి కట్టిన చిన్న ఇల్లు. గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుంది. తలుపు తీయగానే నాలుగూ పోయాయి.

"క్షమించమని అడగడానికి వచ్చాను, మిసెస్ మెయిర్."

"అది గుమ్మంలో అయ్యే పని కాదులే. లోపలికి రా, బూట్లు తుడుచుకో." ముసలావిడ ముందు నడిచింది. "ఆదివారం పొయ్యి మీద కొత్త వంట చెయ్యను. నిన్నటి సూపుంది. రొట్టెకి వెన్న నువ్వే రాసుకో."

తినే దాకా మాట్లాడనివ్వలేదు. తిన్నాక గిన్నెలు పక్కకి జరిపి, టీ చెంచా చేతిలోకి తీసుకుంది.

"ఎప్పుడైనా చూశావా? మాయత్త పని?"

"ఫొటోల్లో చూశాను."

"ఫొటోలో ఏం కనపడుతుంది?" బెల్లా ఎడమచేత్తో కనపడని చేపని పట్టుకుంది. కుడిచేత్తో చెంచా మొన మొప్ప కింద గుచ్చి ఒక్క మెలిక తిప్పింది. విసిరింది. మళ్ళీ పట్టుకుంది. చెయ్యి కనపడనంత వేగం. "నిమిషానికి యాభై. మాటల్లో పడినా కత్తి ఆగదు, పాడినా ఆగదు. కత్తి కింద పెట్టిందంటే ఒకటే అర్థం. రేవంతటికీ తెలుసు."

"ఏమిటి?"

"పడవ మునిగిందని." చెంచా బల్ల మీద పెట్టింది. "ఆ కబురు తెచ్చేది ఆయనే. నల్లకోటాయన. మా వీధిలో ఆయన తలుపు తట్టడు. తడితే ఎవరు తీస్తారు? కిటికీలోంచి కోటు కనపడితే చాలు, ఆడవాళ్ళు గడియ పెట్టేసుకునేవాళ్ళు, తియ్యకపోతే మొగుడు బతికే ఉంటాడన్నట్టు. అందుకని తోసుకుని వచ్చేవాడు. ఆయనకి మాత్రం సరదానా పాపం? మంగళవారం మా ఇంటికి వచ్చింది మా తాత కాదే అమ్మాయ్. మా తాత పోయాడన్న కబురు. ఆయన్నేమో నువ్వు నలుగురిలో నిలబెట్టి పెళ్ళాన్ని కొట్టేవాడన్నావు."

ఇష్బెల్ చెవులు మండాయి.

బెల్లా లేచి, గూట్లోంచి పెద్ద బైబిలు తీసి, మధ్యలో దాచిన కాగితం ఒకటి బయటికి తీసింది. అదే దస్తూరీ. చిన్న పాట. రెండో వరసలో ఒక మాట ఉండాల్సినచోట ఖాళీ, ఖాళీలో అడ్డంగా గుచ్చిన గుండుసూది. తుప్పు పట్టి కాగితానికి కరుచుకుపోయింది.

"ఇది పుస్తకంలోంచి ఊడిపోతే నేను ఉంచుకున్నాను. అన్నిటికీ ఉండేవి సూదులు. మాట అంటే ఇనుము ముట్టుకోవాలి కదా. రాస్తే? మాట రాయకుండా ఖాళీ వదిలినా మనసులో తలుచుకుంటారు కదా ఎవరైనా. అందుకని ఆ చోట ఇనుము పెట్టేది. మా పడవలన్నీ సముద్రం మీద ఉన్నాయి, పుస్తకం ఇంట్లో ఉంది, మరి ఎవరు ముట్టుకుంటారు? సూదే ముట్టుకునుంటుంది, రాత్రీ పగలూ." వేలి చివరతో సూదిని తాకింది. "నీ థీసిస్ ఏదో పోయినా మళ్ళీ రాసుకోవచ్చు. మా తాతకి మళ్ళీ చచ్చే వీలు లేదు."

కాగితాన్ని రెండు అట్టముక్కల మధ్య పెట్టి ఇష్బెల్‌కే ఇచ్చింది. "తీసుకుపో. మీ పెద్దవాళ్ళకి చూపించు. మళ్ళీ నా చేతికి ఇవ్వాలి సుమా."

సోమవారం తెల్లారీ తెల్లారకముందే ఇష్బెల్ యూనివర్సిటీ పాతకాగితాల విభాగం తలుపు దగ్గర నిలబడింది. క్రిస్సీ పుస్తకాలు వచ్చిననాటి ఫైలు అడిగింది. నాలుగేళ్ళలో పుస్తకాలు వందసార్లు తెప్పించుకుంది గానీ ఆ ఫైలు ఒక్కసారీ అడగలేదు. మూడో కాగితం మీద టైపు కొట్టి ఉంది: తుప్పు పట్టిన సూదులు ఇరవై మూడు తొలగించడమైనది.

"తీసేశారా?" అంది కౌంటర్‌లో ఉన్నావిడతో.

"తియ్యమూ మరి? ఏ కాగితం వచ్చినా మా మొదటి పని అదే. సూదులు, క్లిప్పులు, పిన్నులు పీకి పడేస్తాం. లేకపోతే కాగితాన్ని తినేస్తాయి." ఆవిడ గర్వంగానే చెప్పింది. "చూశారా, ఎన్ని తీశామో లెక్కతో సహా రాసి పెట్టాం."

ఇరవై మూడు ఖాళీలు, ఇరవై మూడు సూదులు. ఇష్బెల్ బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని కూర్చుంది. మూడో అధ్యాయం ఎనభై పేజీలు. దాని మీద నాలుగోది, నాలుగో దాని మీద ముగింపు. కింది వరస లాగితే మొత్తం కూలుతుంది. వైవాకి రెండే రోజులున్నాయి.

మంగళవారం అలస్టేర్ గదిలో ఆ అట్టముక్కలు విప్పింది. అతను కాగితం వైపు ఒకసారి చూశాడు. రెండోసారి చూడలేదు. బల్ల మీది పెన్సిళ్ళు తీసి మొనలన్నీ ఒకవైపుకి వచ్చేలా పేర్చడం మొదలుపెట్టాడు.

"నువ్వు రాసింది రచయిత్రి మనసు గురించి కాదు, పేజీ గురించి," అన్నాడు. "పేజీ మీద చిల్లు ఉందా, లేదా? ఉంది. ఎవరు ఏ ఉద్దేశంతో పొడిచారన్నది మనకి అక్కర్లేదని నీకు మొదటి సంవత్సరమే చెప్పాను."

"జేమ్స్ ఫిండ్లే అని పేరు పెట్టి రాశాను, అలస్టేర్. ఆ మనిషి అప్పటికి నీళ్ళలో ఉన్నాడు."

"పోయి డెబ్బై ఏళ్ళు దాటింది."

"ఆయన మనవరాలు నిన్న గాక మొన్న నాకు సూపు పెట్టింది."

అతని గొంతు గట్టిపడింది. "ఇదిగో, ఒక్కటి చెప్తాను విను. ఎక్స్‌టర్నల్‌గా వస్తున్నది ఉనా క్రైటన్. సందు దొరికితే వదిలే మనిషి కాదు. నువ్వు నోరు విప్పితే ఆరు నెలలు వెనక్కి పంపిస్తుంది. నీ ఉద్యోగం ఆరు నెలలు ఆగుతుందా? డిగ్రీ తీసుకో, ఉద్యోగంలో చేరు, ఆ తర్వాత తీరిగ్గా వ్యాసం రాసి దిద్దుకో. అందరూ చేసేది అదే. నీ మేలు కోరి చెప్తున్నాను."

మేలు కోరే చెప్పాడేమో, ఆమెకి తెలియలేదు. పేజీ మీది గాయం అన్న మాట మొదట అతని వ్యాసంలోదే. అది అతనికి పేరు తెచ్చిన వ్యాసం. ఇష్బెల్ అట్టముక్కలు మళ్ళీ కట్టుకుని బయటికొచ్చింది. ఆ సాయంత్రం బస్సులో తన స్టాపు దాటిపోయి రెండు మైళ్ళు వెనక్కి నడిచింది. చెప్పాలి, చెప్పకూడదు, చెప్పాలి అనుకుంటూ. ఇల్లు చేరేసరికి చెప్పకూడదు దగ్గర ఆగింది.

బుధవారం పది గంటలకి వైవా. పాతకాలపు గది, పొడుగాటి బల్ల. బల్లకి అటువైపు ఉనా క్రైటన్, పక్కన డిపార్టుమెంటు తరఫున మన్రో అనే మెతకమనిషి. గైడుకి గదిలో కూర్చునే హక్కుంది గానీ అడగనిదే మాట్లాడే హక్కు లేదు. అలస్టేర్ కిటికీ కింద, రేడియేటర్ పక్కన కుర్చీ వేసుకున్నాడు.

ఉనా క్రైటన్ చేతిలో థీసిస్ నిండా పసుపుపచ్చ చీటీలు వేలాడుతున్నాయి. ఇష్బెల్ వాటిని లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. పదిహేడు దగ్గర ఆవిడ తలెత్తింది.

"మూడో అధ్యాయంతో మొదలుపెడదాం. ఈ మధ్య స్కాటిష్ సాహిత్యం మీద ఇంత బాగున్న అధ్యాయం చదవలేదు నేను."

అంతే కావాల్సింది. థాంక్స్ అని తల వంచుకుంటే గంటన్నర గడిచిపోతుంది. ఇష్బెల్ థాంక్స్ అందామనే నోరు తెరిచింది.

"ఆ అధ్యాయం తప్పండీ," అంది.

మన్రో కళ్ళజోడు తీశాడు. ఇష్బెల్ కిటికీ వైపు చూడలేదు; చూస్తే ఆగిపోతానని భయం. అట్టముక్కలు విప్పి కాగితం బల్ల మీద పెట్టింది. ఫైలు నకలు పక్కన పెట్టింది. బెల్లా చెప్పింది చెప్పినట్టు చెప్పింది. అరచేతుల చెమట స్కర్టుకి రెండుసార్లు తుడుచుకుంది.

ఉనా క్రైటన్ భూతద్దం తీసి సూదిని చాలాసేపు చూసింది. మొహంలో ఏమీ తెలియలేదు.

"సూదులు ఉండేవి, ఒప్పుకున్నాను. కానీ సూది గాయమూ కావచ్చు, కాపలా కూడా కావచ్చు. మొన్నటిదాకా గాయమన్నావు, ఇవాళ కాపలా అంటున్నావు. ఎందుకు మారావు?"

"మిసెస్ మెయిర్ చెప్పారు కాబట్టి."

"తాత పరువు కాపాడుకోవాలనుకునే మనవరాలు. ఆవిడ మాట తప్ప?" గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "పడవ మీద కొన్ని మాటలు అనరని పుస్తకాల్లో ఉంది. ఒడ్డున కూర్చుని రాసేటప్పుడు కూడా రాయరని, కాగితానికి సూది గుచ్చుతారని ఎక్కడా లేదు. నేను చదవలేదు. నువ్వు చదివావా?"

"లేదు."

"ఇంకెవరైనా చెప్పారా? ఆ ఇంటి బయటివాళ్ళు ఒక్కరు?"

"లేదండీ."

"మరి నేను ఒక సిద్ధాంతాన్ని పక్కన పెట్టి ఒక్క మనిషి మాట ఎలా పట్టుకోను?" ఆవిడ థీసిస్ తిరగేసి ఆ పాట దగ్గర ఆగింది. "సరే, నువ్వన్న మాట పెట్టి చదివి చూద్దాం." పైకి, స్పష్టంగా చదివింది. "మంగళవారం పొద్దున్నే వచ్చాడు పాస్టరు."

ఇష్బెల్‌కి కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. తల తిప్పింది. అలస్టేర్ ఎడమచెయ్యి రేడియేటర్ గొట్టం మీద ఉంది. ఉనా క్రైటన్ ఊరుకోలేదు. పన్నెండో పేజీ తీసి, అక్కడి ఖాళీలో, "సాల్మన్ అని పెడదామా? పడవ మీద అదీ అనరుగా," అంది. అతని వేళ్ళు గొట్టం చుట్టూ ఇంకా బిగిశాయి.

హోటల్లో మెనూ మీద పెట్టిన వేలు ఇష్బెల్‌కి గుర్తొచ్చింది. నాలుగేళ్ళలో ఈ పాటలు అతని గదిలో ఎన్నిసార్లు చదువుకున్నారో. ప్రతిసారీ ఆ చోటికి రాగానే అతను, "ఖాళీ," అని చదివేవాడు. ఒక్కసారి కూడా ఆ చోట ఏ మాట పెట్టి చూద్దామనలేదు. ఇతనికి తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు. ఆమెకి ఒళ్ళు చల్లబడి, అంతలోనే మండిపోయింది. ఆ ఫుట్‌నోట్ కొట్టేసినప్పుడు కూడా తెలుసు. చెప్పెయ్యాలి. వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఆమె చెయ్యి బల్ల మీంచి లేవలేదు.

"అలస్టేర్, అది కాలుతూ ఉండాలే," అంది ఉనా క్రైటన్ మామూలుగా. ఫిబ్రవరిలో ఆ గొట్టాలు టీ కెటిల్ లెక్కన మరుగుతుంటాయి.

అతను చెయ్యి తీశాడు. అరచేతిలో ఎర్రటి చార. దాన్ని చూసుకుంటూ, "మాట్లాడొచ్చా?" అన్నాడు.

ఉనా క్రైటన్ మన్రో వైపు చూసింది. మన్రో తలూపాడు.

"మాయమ్మ గూడా గుచ్చేది," అన్నాడు అలస్టేర్. అతని గొంతులోంచి రేడియో పోయింది. ఆ యాసలో ఆ గదిలో అంతకుముందు ఎవరూ మాట్లాడి ఉండరు. "స్కార్నెస్‌కి పదిహేను మైళ్ళు మా ఊరు. మా నాయనకి రాసే ఉత్తరాల్లో గుచ్చేది. రేవు ఏదైనా సరే, ఉత్తరం విప్పగానే ఆయన సూదులు తీసి టోపీకి పెట్టుకునేవాడు. ఆయన టోపీ నిండా సూదులే. నాకు ఏడేళ్ళప్పుడు మా ఇంటికి గూడా వచ్చాడాయన. తలుపు తట్టలేదు." కాలిన అరచెయ్యి మూసుకున్నాడు. "ఆ పేజీ చూసిన రోజే నాకు తెలుసు. అది ఏ మాటో చెప్పాలంటే ఆ మాట అనాలి కదా. దాని బదులు వ్యాసం రాశాను."

మన్రో కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తీశాడు. ఉనా క్రైటన్ పెన్ను మూత తీసి, తన కాగితం మీద ఏదో రాసుకుంది.

"ఉత్తరాలు ఉన్నాయా?"

"ఉన్నాయి. సూదులతోటే."

ఇష్బెల్‌ని బయట బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ పిలిచారు. డాక్టరేటుకి ఢోకా లేదు. మూడో అధ్యాయం తీసేసి కొత్తది రాయాలి, నాలుగోది దానికి తగ్గట్టు మార్చాలి, గడువు ఆరు నెలలు. "కొత్త అధ్యాయం దీనికన్నా బాగుంటుంది," అంది ఉనా క్రైటన్ చెయ్యి కలుపుతూ. మంచి మాటే. ఉద్యోగం మాత్రం ఆ మాటతో పాటే పోయింది. ఇష్బెల్ మెట్ల మీద కూర్చుని, ముక్కు కారేదాకా ఏడ్చింది.

అలస్టేర్ వచ్చి రెండు మెట్లు పైన నిలబడ్డాడు. "ఆ కాలేజీవాళ్ళకి నేను రాస్తాను. ఆలస్యం నా వల్ల అయిందని."

"రాయండి," అంది తలెత్తకుండా. "వాళ్ళు ఆగరు."

"తెలుసు. అయినా రాస్తాను."

కింద ఫోను గూడు ఉంది. చిల్లర వేసి స్కార్నెస్ నంబరు తిప్పింది. చాలాసేపు మోగాక బెల్లా ఎత్తింది.

"ఏమైందమ్మాయ్?"

"మీ తాతగారి పేరు తీసేస్తున్నాను, మిసెస్ మెయిర్. ఎలా పోయారో ఆ ముక్కే రాస్తాను."

అటువైపు గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. "నీ ఉద్యోగం?"

"పోయింది."

"అయ్యో నా తల్లే." ఇష్బెల్ ఇంకో నాణెం వేసింది. "మరి ఆ పెద్దమనిషి ఏమన్నాడు? ముందు వరసలో కూర్చున్నాయన?"

ఇష్బెల్ వేలికి ఫోను తీగ చుట్టుకుంది. చెప్పాలా వద్దా అనుకుంటుండగానే బెల్లా అంది.

"ఇవాళైనా చెప్పాడా మావాడేనని?"

"మీకెలా తెలుసు?"

"శనివారమే చూశాను. లైబ్రరీ పిల్ల ఆ మాట పైకి అనేసింది కదూ? నేను రేడియేటర్ పట్టుకున్నాను. ఆయన కుర్చీ కింద ఇనపకాలు పట్టుకున్నాడు. నాకన్నా ముందే."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు? మిమ్మల్ని అంతమందిలో నోరు మూయించి కూర్చోబెట్టాడు! ఒక్క మాట అంటే చాలు కదా!"

"నలుగురిలో అలా ఎలా అంటానమ్మా?" అంది బెల్లా. "ఏ ఇంటి పిల్లాడో, వాళ్ళింటికి ఏ రోజున వచ్చాడో నల్లకోటాయన. సర్లే, నా కాగితం తడవకుండా తీసుకురా. వీలైతే ఆ పెద్దమనిషిని గూడా తీసుకురా. సూపు పెడతాను."